సినగాగు మూతబడితే పదిమందిని ఎక్కడ లెక్కించాలి?

మీ ప్రశ్నలో రెండు భాగాలు ఉన్నాయి. కరోనా కాలంలో మన గుడులు యూట్యూబ్‌లో ప్రత్యక్ష ప్రసారం పెట్టి పని జరుపుకుంటే, అమెరికాలోని యూదులు మాత్రం జూమ్‌లో చేసిన ప్రార్థన చెల్లుతుందా, చెల్లదా అని ఎందుకంత తర్జనభర్జన పడ్డారన్నది మొదటిది. చివరికి వాళ్ళు వేటిని ఆన్‌లైన్‌లో నిలుపుకున్నారు, వేటిని వదులుకున్నారన్నది రెండవది. మీ గుడి కమిటీలో ఇదే చర్చ ఇప్పటికీ తెగలేదన్నారు కాబట్టి కాస్త వివరంగానే రాస్తున్నాను. నేను చాలా ఏళ్ళుగా న్యూజెర్సీలో ఒక కన్సర్వేటివ్ శాఖ సినగాగుకు (యూదుల ప్రార్థనామందిరానికి) మైకులు, కెమెరాలు, ప్రసారం చూసే పనిలో ఉన్నాను. యూదుణ్ణి కాను, వాళ్ళ ధర్మశాస్త్రం గురించి ఇక్కడ చెప్పేదంతా రబ్బీలను, అంటే వాళ్ళ మతబోధకులను, అడిగి, వాళ్ళు చూపించినవి చదివి తెలుసుకున్నదే.

ముందుగా తేడా ఎక్కడుందో చూద్దాం. 2020 మార్చి 20 నుంచి తిరుమలలో భక్తులకు దర్శనం నిలిపివేశారు. కాని స్వామివారి నిత్య కైంకర్యాలు ఆగలేదు, అన్నీ ఏకాంతంగా జరిగాయి. ఏప్రిల్ 2న శ్రీరామనవమి నాడు భద్రాచలంలో సీతారాముల కల్యాణం భక్తులు లేకుండానే జరిగింది, జనం టీవీలో చూశారు. అర్చకులు చేయవలసింది చేస్తే పూజ పూర్తవుతుంది. మనం పోగొట్టుకున్నది దర్శనం, తీర్థం, ప్రసాదం. అందువల్ల ఒక కెమెరా పెడితే మనకు సగం సమస్య తీరిపోయింది. సినగాగులో అలా కుదరదు. అక్కడ విగ్రహం లేదు, జనం తరఫున పూజ చేసిపెట్టే అర్చకుడూ లేడు. రబ్బీ ప్రధానంగా బోధకుడు, శాస్త్రం చెప్పేవాడు. ప్రార్థన నడిపించే పని వచ్చినవాళ్ళు ఎవరైనా చేయవచ్చు. ప్రార్థనకు కావలసింది మనుషులు, అదీ లెక్కకు పదిమంది.

ఈ పదిమంది కూడికను మిన్యన్ అంటారు. ఆచారాన్ని కచ్చితంగా పాటించే ఆర్థడాక్స్ శాఖ సినగాగుల్లో పదమూడేళ్ళు నిండిన మగవాళ్ళనే లెక్కిస్తారు. ఆచారాల్లో సడలింపు ఎక్కువున్న రిఫార్మ్ సినగాగులూ, చాలావరకు ఈ రెంటికీ మధ్య నిలిచే కన్సర్వేటివ్ సినగాగులూ ఆడవాళ్ళను కూడా లెక్కిస్తాయి. రోజూ చేయవలసిన మూడు పూటల ప్రార్థనలో ఎక్కువ భాగం ఎవరికి వారు ఇంట్లో చేసుకోవచ్చు. కాని కొన్నిటిని పదిమంది కూడనిదే పలకకూడదు. సామూహిక ప్రార్థనకు పిలుపైన బర్ఖూ, దేవుని పవిత్రతను కీర్తించే కెదూషా, సరైన విధిలో చేసే తోరా (యూదుల మూల ధర్మగ్రంథం) పఠనం, అన్నిటికన్నా ముఖ్యంగా చనిపోయినవారి కోసం అయినవాళ్ళు చెప్పే కాదిష్ అలాంటివి. తొమ్మిదిమంది వచ్చి కూర్చుంటే పదో మనిషి కోసం చుట్టుపక్కల ఇళ్ళకు ఫోన్లు చేస్తారు, ఆ మనిషి వచ్చేదాకా ఎదురుచూస్తారు. ఇది మన దేశంలోనూ తెలిసిన బాధే. 1568లో కట్టిన కొచ్చి పరదేశి సినగాగులో స్థానిక యూదులు చాలామంది ఇజ్రాయెల్‌కు వెళ్ళిపోయాక, పదిమందిని కూడగట్టడానికి ఊరికి వచ్చిన యూదు యాత్రికుల మీద ఆధారపడవలసి వచ్చింది. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిము అనే తెలుగు యూదు కుటుంబాల చిన్న సినగాగు ఉన్న సంగతి మన పాఠకుల్లో చాలామందికి తెలియకపోవచ్చు. అక్కడికి దగ్గరలో మరో పెద్ద యూదు సమాజం లేదు. భవనం ఎంత గొప్పదైనా పదిమంది లేకపోతే ఆ పూట ప్రార్థన అరకొరే.

ఇప్పుడు 2020 మార్చికి వద్దాం. న్యూయార్క్ నగరానికి ఉత్తరాన ఉన్న న్యూ రోషెల్‌లో ఒక సినగాగు సమాజంలో వ్యాధి పాకింది. మార్చి 10న గవర్నర్ ఆండ్రూ కోమో ఆ సినగాగు చుట్టూ ఒక మైలు వ్యాసార్ధంలో పెద్ద సమావేశాలు జరిగే చోట్లన్నీ మూసివేస్తున్నట్టు ప్రకటించారు. పూరీము పండుగ సరిగ్గా ఆ సమయంలోనే, 9వ తేదీ సాయంత్రం మొదలైంది. 12వ తేదీకల్లా మా పక్కనే ఉన్న బెర్గెన్ కౌంటీలోని ఆర్థడాక్స్ రబ్బీల మండలి సినగాగులన్నీ మూసివేయమంది, ఇళ్ళల్లో కూడా మిన్యన్ పెట్టవద్దంది. అప్పటికి అమెరికాలో చాలాచోట్ల ప్రభుత్వం ఇంకా మూసివేత ఉత్తర్వులు ఇవ్వనే లేదు. ప్రాణం కాపాడటానికి ధర్మశాస్త్రంలోని దాదాపు అన్ని విధులనూ పక్కన పెట్టవచ్చు, పెట్టి తీరాలి అన్న సూత్రం వాళ్ళకు చాలా పాతది. కాబట్టి మూయడం గురించి పెద్దగా వాదం లేదు. మూసిన మర్నాటి ఉదయం కాదిష్ చెప్పవలసినవాడు ఏం చేయాలన్న దగ్గర వాదం మొదలైంది.

ఈ ప్రశ్నకు మూడు శాఖలు మూడు రకాలుగా సమాధానం చెప్పాయి. రిఫార్మ్ వాళ్ళకు ఇది పెద్ద చిక్కు కాలేదు. మన్‌హాటన్‌లోని సెంట్రల్ సినగాగు లాంటివి కరోనాకు చాలా ముందునుంచే శుక్రవారం ప్రార్థనలను ఇంటర్నెట్‌లో ప్రసారం చేస్తున్నాయి. వాళ్ళు ఉన్నదాన్నే విస్తరించుకున్నారు. ఆర్థడాక్స్ రబ్బీలు తెర మీద కనిపించే మనుషులను మిన్యన్‌గా లెక్కించడానికి ఒప్పుకోలేదు. వారంలో మామూలు రోజుల్లో జూమ్‌లో కలిసి కీర్తనలు చదువుకోండి, పాఠాలు చెప్పుకోండి, పదిమంది కావలసిన భాగాలను మాత్రం వదిలేయండి అన్నారు. మధ్యలో ఇరుక్కున్నది కన్సర్వేటివ్ వాళ్ళు. వాళ్ళకు శాస్త్రమూ కావాలి, కాలంతోపాటు నడవడమూ కావాలి. ఈ శాఖకు ధర్మనిర్ణయాలు చేసే కమిటీ ఒకటి ఉంది. అది 2001లోనే, జూమ్ అన్న పేరు కూడా లేని రోజుల్లో, ఇంటర్నెట్ మిన్యన్ గురించి ఒక నిర్ణయం చెప్పింది. పదిమంది ఒకే చోట భౌతికంగా ఉండి తీరాలి, అలా పదిమంది ఉన్నాక దూరంగా ఉన్నవాళ్ళు విని ఆమేన్ చెప్పవచ్చు అన్నది దాని సారాంశం. 2020 మార్చి మూడవ వారంలో అదే కమిటీ అధ్యక్షులైన రబ్బీ ఇలియట్ డార్ఫ్, రబ్బీ పమేలా బర్మాష్ ఒక మార్గదర్శక లేఖ విడుదల చేశారు. ఇది ఆపత్కాలం కాబట్టి, ఒకరినొకరు చూస్తూ వినగలిగే పద్ధతిలో అయితే ఎవరి ఇళ్ళల్లో వాళ్ళున్నా పదిమందిని లెక్కించవచ్చు, ఏ ఊరి నిర్ణయం ఆ ఊరి రబ్బీకే వదిలేస్తున్నాం అన్నారు. ఆ స్వేచ్ఛ ఉన్నందువల్లే పక్కపక్క ఊళ్ళలోని రెండు కన్సర్వేటివ్ సినగాగులు రెండు రకాలుగా నడిచాయి.

"చూస్తూ వినగలిగే పద్ధతి" అన్న షరతు మా పనిని పూర్తిగా మార్చివేసింది. యూట్యూబ్‌లో, ఫేస్‌బుక్‌లో ప్రసారం చేస్తే వెయ్యిమంది చూసినా మిన్యన్ కాదు, ఎందుకంటే చూసేవాళ్ళు మనకు కనిపించరు. జూమ్‌లో పదిమంది కెమెరాలు వేసుకుంటే అవుతుంది. కాబట్టి ప్రార్థన మొదలు కాగానే ఒకరు తెరమీది గడులను లెక్కపెట్టాలి. కెమెరా ఆపేసి పేరు మాత్రమే కనిపించేవాళ్ళు, ఫోన్‌లో గొంతు మాత్రమే వినిపించేవాళ్ళు ఆ లెక్కలోకి రారు. "మీ కెమెరా వేయండి, మనం తొమ్మిదిమందిమే ఉన్నాం" అని ప్రతి సాయంత్రం ఎవరో ఒకరు బతిమాలవలసి వచ్చేది.

ఈ షరతు గాలిలోంచి పుట్టలేదు. 16వ శతాబ్దంలో యోసెఫ్ కారో కూర్చిన షుల్ఖాన్ అరూఖ్ అనే ధర్మసంహిత ఇప్పటికీ ప్రమాణం. పదిమందీ ఒకే చోట ఉండాలని అది చెబుతూనే ఒక వెసులుబాటు ఇస్తుంది. సినగాగు వెనక నిలబడినవాడికీ లోపలివాళ్ళకూ మధ్య ఒక కిటికీ ఉండి, ఆ కిటికీ ఎన్ని అంతస్తుల ఎత్తున ఉన్నా సరే, అతడు అక్కడినుంచి తన ముఖం చూపిస్తే పదిమందిలో కలుస్తాడట. జూమ్ గడి ఆ కిటికీ వంటిదేనా అన్నది 2020లో రబ్బీలు నిజంగా తలలు పట్టుకున్న ప్రశ్న. అవునన్నవాళ్ళు ముఖం కనిపించడమే ముఖ్యమన్నారు. కాదన్నవాళ్ళు ఆ కిటికీ అవతల ఉన్నవాడు అసలు మనిషి, తెర మీద ఉన్నది అతని బొమ్మ అన్నారు. ఈ రెండో వాదం నాకు తేలిగ్గా కొట్టిపారేయదగినదిగా అనిపించలేదు. బొమ్మకూ మనిషికీ మధ్య ఆ అర సెకను ఆలస్యం ఎంత ఇబ్బంది పెడుతుందో రోజూ చూసేవాణ్ణి నేనే. ఆర్థడాక్స్ వాళ్ళు మాత్రం ఆ కిటికీ వెసులుబాటునే అక్షరాలా వాడుకున్నారు. ఇజ్రాయెల్‌లోనూ అమెరికాలోనూ ఎదురెదురు బాల్కనీల్లో, ఇంటి వరండాల్లో, పెరళ్ళలో నిలబడి, ఒకరికొకరు కనిపించే దూరంలో మిన్యన్‌లు జరిపారు.

కాదిష్ గురించి కాస్త ఎక్కువగా చెప్పాలి, ఎందుకంటే ఇదంతా దాని కోసమే జరిగింది. తల్లి గాని తండ్రి గాని పోతే పిల్లలు పదకొండు నెలలు రోజూ ప్రార్థనలో కాదిష్ చెబుతారు, ఆ తరువాత ఏటా తిథి రోజున చెబుతారు. చావు గురించి అందులో ఒక్క ముక్క లేదు. అది దేవుని నామాన్ని గొప్పచేసే స్తుతి. చెప్పేవాడు ఒక వాక్యం చెప్పగానే చుట్టూ ఉన్నవాళ్ళు ఆమేన్ అనాలి, ఒకచోట అందరూ గొంతు కలిపి "ఆయన మహానామం యుగయుగాలూ స్తుతింపబడుగాక" అనే భావం వచ్చే వాక్యం పలకాలి. ఆ జవాబు ఇచ్చేవాళ్ళు లేకపోతే కాదిష్‌కు అర్థమే లేదు. పదకొండు నెలల పాటు దుఃఖంలో ఉన్న మనిషిని రోజూ బయటికి రప్పించి పదిమంది మధ్య నిలబెట్టే ఏర్పాటు అది. 2020 ఏప్రిల్‌లో న్యూయార్క్, న్యూజెర్సీలలో ఎన్ని మరణాలు సంభవించాయో మీకు గుర్తుండే ఉంటుంది. కాదిష్ చెప్పవలసినవాళ్ళు ఒక్కసారిగా పెరిగారు, చెప్పుకునే చోటు మూతపడింది. ఆర్థడాక్స్ సమాజంలో పోయినవారి పేరున మిష్నా అనే ప్రాచీన ధర్మగ్రంథం చదవడం, దానం చేయడం లాంటి ప్రత్యామ్నాయాలు సూచించారు. శాస్త్రం ప్రకారం అవి కాదిష్‌కు తక్కువేమీ కావని రబ్బీలు ఓదార్చారు. అలా ఓదార్పు పొందినవాళ్ళూ ఉన్నారు, తల్లిదండ్రులకు చేయవలసింది చేయలేకపోయామని కుమిలిపోయినవాళ్ళూ ఉన్నారు.

జూమ్‌లో కాదిష్ చెప్పించడం సాంకేతికంగా కష్టమైన పని. అందరి మైకులూ తెరిచి ఉంచితే ఆమేన్‌లు ముప్ఫై దిక్కులనుంచి ముప్ఫై క్షణాల్లో వస్తాయి; పైగా జూమ్ ఒక గొంతును ప్రధానంగా ఎంచుకొని మిగతావాటిని అణచివేస్తుంది. అందరి మైకులూ మూసివేస్తే చెప్పేవాడికి జవాబు వినిపించదు, శూన్యంలోకి మాట్లాడినట్టు ఉంటుంది. మేము చివరికి కుదుర్చుకున్న పద్ధతి ఏమిటంటే, ఒక నాయకుడు మెల్లగా నడిపిస్తాడు, దుఃఖంలో ఉన్నవాళ్ళ మైకులు తెరిచి ఉంటాయి, జవాబు గట్టిగా చెప్పడానికి ముందే నియమించిన ఒకరిద్దరి మైకులు తెరుస్తాము, మిగతావాళ్ళు మూసిన మైకులతోనే పెదవులు కదిలిస్తారు. మొదట్లో దీనికి ఒప్పుకోని ఒక పెద్దాయనకు మా రబ్బీ తల్మూద్ అనే ప్రాచీన శాస్త్రచర్చల గ్రంథంలోని ఒక వర్ణన చెప్పారు. పూర్వం అలెగ్జాండ్రియాలోని మహా సినగాగు ఎంత పెద్దదంటే వెనక ఉన్నవాళ్ళకు ప్రార్థన వినిపించేది కాదట. అందుకని మధ్యలో వేదిక మీద ఒకడు గుడ్డ పట్టుకొని నిలబడి, ఆమేన్ చెప్పవలసినప్పుడల్లా దాన్ని ఊపేవాడట. "వాళ్ళకు వినిపించకపోయినా జవాబు చెప్పారు కదా" అన్నారాయన. సామూహిక గానం విషయంలో మాత్రం అలాంటి ఉపాయమేదీ దొరకలేదు. ఆలస్యం వల్ల జూమ్‌లో వందమంది కలిసి పాడలేరు. ఒకరు పాడుతుంటే మిగతావాళ్ళు ఎవరి ఇంట్లో వాళ్ళు తమ గొంతు తామే వినుకుంటూ పాడుకోవలసిందే.

ఇక వారపు విశ్రాంతి దినమైన సబ్బాతు సంగతి. శుక్రవారం సూర్యాస్తమయం నుంచి శనివారం రాత్రి దాకా ఆర్థడాక్స్ యూదులు విద్యుత్ పరికరాలు వేయరు, ఆపరు. వారమంతా జూమ్‌లో ప్రార్థించిన కన్సర్వేటివ్ సినగాగు వారంలో ముఖ్యమైన రోజున ఏం చేయాలి? పైన చెప్పిన కన్సర్వేటివ్ ధర్మనిర్ణయాల కమిటీయే 2020 మే నెలలో రబ్బీ జాషువా హెల్లర్ రాసిన నిర్ణయాన్ని ఆమోదించింది. దాని తీరు ఏమిటంటే, ఆపత్కాలంలో సబ్బాతు ప్రసారానికి దారి ఇస్తూనే ఉల్లంఘన వీలైనంత తగ్గేలా ఏర్పాట్లు ముందే చేసుకొమ్మంటుంది. మా పని శుక్రవారం మధ్యాహ్నం ముగిసిపోవాలి. కెమెరా ఒకే చోట స్థిరంగా, మైకు ముందే వేసి, జూమ్ సమావేశం సూర్యాస్తమయానికి ముందే తెరిచి ఉంచాలి. ఇళ్ళల్లో చూసేవాళ్ళు కూడా ముందే కంప్యూటర్ వేసి, స్క్రీన్ ఆరిపోకుండా అమరికలు మార్చి, దాన్ని ముట్టుకోకుండా వదిలేయాలి. దీని మీద పెద్దవాళ్ళకు ఫోన్‌లో ఒక్కొక్కరికి ఓపికగా చెప్పి చేయించడమే అప్పట్లో మా శుక్రవారాలు. నేను యూదుణ్ణి కానందువల్ల "అతడి చేత నొక్కించేస్తే పోదా" అని మీరు అనుకోవచ్చు. యూదుడు తాను చేయరాని పనిని సబ్బాతు నాడు తన కోసం యూదేతరుడి చేత చేయించుకోవడానికి కూడా వాళ్ళ శాస్త్రంలో హద్దులున్నాయి. నాకు పని ముందే ఒప్పందంగా అప్పగించారు. ఆ రోజు మధ్యలో ఏదైనా పాడైతే ఎవరూ నా వైపు చూసి "బాగుచేయి" అనేవారు కాదు. నేను గమనించి చేస్తే చేసినట్టు, లేకపోతే లేదు.

పస్కా పండుగ విషయంలో ఇది ఇంకా తీవ్రమైంది. 2020 ఏప్రిల్ 8 సాయంత్రం సేదెర్ విందు. ఇజ్రాయెల్ వెలుపల మొదటి రెండు రోజులూ పూర్తి పండుగ రోజులే. ఆ ఏడు అవి గురు, శుక్రవారాలు కావడంతో వెంటనే సబ్బాతు కలిసింది. ఒంటరిగా ఉన్న ఆర్థడాక్స్ వృద్ధులు బుధవారం సాయంత్రం నుంచి శనివారం రాత్రి దాకా ఫోన్ కూడా ముట్టకుండా నాలుగు గోడల మధ్య ఉండాలి. ఇజ్రాయెల్‌లో 14 మంది ఆర్థడాక్స్ రబ్బీలు, ఉత్తర ఆఫ్రికా సంప్రదాయానికి చెందినవారు, పండుగకు ముందే జూమ్ తెరిచి ఉంచుకుంటే వృద్ధులు కుటుంబంతో కలిసి సేదెర్ జరుపుకోవచ్చని, ఇది ఈ ఒక్క ఆపదకే పరిమితమని అనుమతి ఇచ్చారు. దేశ ప్రధాన రబ్బీలిద్దరూ దాన్ని తోసిపుచ్చారు. సంతకం చేసినవాళ్ళలో కూడా కొందరు వెనక్కి తగ్గారు. మనకు బయటినుంచి చూస్తే ఇది మొండితనంగా కనిపించవచ్చు. కాని ఈ సారి ఒంటరితనం కోసం తెరిచిన తలుపు వచ్చే ఏడు సౌకర్యం కోసం తెరుచుకుంటుందన్నది వాళ్ళ భయం, ఆ భయం పూర్తిగా తప్పు కాలేదు.

ఆ ఏడాది శరత్కాలంలో వచ్చిన పెద్ద పండుగలు సినగాగులకు డబ్బు పరంగా కూడా పరీక్ష అయ్యాయి. అమెరికా సినగాగులు హుండీ మీద నడవవు. సభ్యత్వ రుసుము మీద, చాలాచోట్ల రోష్ హషానా (కొత్త సంవత్సరం), యోమ్ కిప్పూర్ (ప్రాయశ్చిత్త దినం) రోజుల్లో కూర్చునే స్థలాల టిక్కెట్ల మీద నడుస్తాయి. ఉచితంగా కనిపించే ప్రసారానికి టిక్కెట్టు ఎవరు కొంటారన్న దిగులు ప్రతి కమిటీకీ ఉండేది. కొందరు లింకును సభ్యులకే ఇచ్చారు, కొందరు అందరికీ తెరిచి చందా అడిగారు. ప్రార్థన పుస్తకాలను సినగాగు పార్కింగు స్థలంలో కార్ల దగ్గరకు తెచ్చి ఇచ్చారు, వాటితోపాటు తేనె సీసా, కొవ్వొత్తి పెట్టిన సంచులు పంచారు. షోఫార్ అనే పొట్టేలు కొమ్ము బూరను మాత్రం జూమ్‌లో వినిపిస్తే చాలదు. గోతిలో గాని నీటి తొట్టిలో గాని ఊదితే, అసలు ధ్వని విన్నవాడి విధి తీరింది, ప్రతిధ్వని మాత్రమే విన్నవాడిది తీరలేదు అని మిష్నా అంటుంది. 20వ శతాబ్దంలో మైకులు వచ్చినప్పుడు రబ్బీ శ్లోమో జల్మన్ అవర్‌బాఖ్ స్పీకరులోంచి వచ్చేది మనిషి గొంతు కాదు, యంత్రం పుట్టించిన శబ్దం అని గట్టిగా తేల్చారు. కాబట్టి చాలా ఊళ్ళలో షోఫార్ ఊదేవాళ్ళు వీధి మూలల్లో, ఉద్యానవనాల్లో నిలబడి ఊదారు, జనం గుమ్మాల్లోంచి విన్నారు. ఆ ఏడు రోష్ హషానా మొదటి రోజు సెప్టెంబరు 19, శనివారం. సబ్బాతు నాడు షోఫార్ ఊదరు కనుక సంప్రదాయం పాటించేవాళ్ళకు ఆదివారం ఒక్క రోజే మిగిలింది. అటు ఇజ్రాయెల్‌లో దేశమంతటా రెండవ లాక్‌డౌన్ సరిగ్గా ఆ పండుగ ముందురోజు, 18వ తేదీన మొదలైంది.

ప్రార్థన గురించే ఇంతసేపు చెప్పాను గాని, సినగాగు జీవితంలో అది ఒక పాలు మాత్రమే. మూసిన మొదటి వారంలోనే మా దగ్గర సభ్యుల జాబితాను ముక్కలు చేసి, డెబ్బై దాటినవాళ్ళందరికీ ఎవరు ఎప్పుడు ఫోన్ చేయాలో పంచుకున్నారు. మందులు తెచ్చేవాళ్ళు, కిరాణా తెచ్చేవాళ్ళు, సబ్బాతుకు రొట్టె గుమ్మంలో పెట్టి వెళ్ళేవాళ్ళు వేరు. కంప్యూటర్ తెలియని వృద్ధులకు పాత టాబ్లెట్లు సేకరించి ఇచ్చారు. నా అంచనాలో ఆ ఫోన్ జాబితా జూమ్ కన్నా ఎక్కువ పని చేసింది. షివా కూడా మారిపోయింది. మనిషి పోయాక ఏడు రోజులు బంధుమిత్రులు ఆ ఇంటికి వచ్చి కూర్చుంటారు. దుఃఖంలో ఉన్నవాడు నోరు విప్పేదాకా వచ్చినవాళ్ళు మాట్లాడరు. జూమ్‌లో ఆ మౌనం నిలవదు. పది సెకన్లు ఎవరూ మాట్లాడకపోతే లైను తెగిందేమో అనుకుంటారు. అందుకని ఒకరు నడిపిస్తూ, పోయినవారి గురించి ఒక్కొక్కరిని పిలిచి మాట్లాడించే పద్ధతి వచ్చింది. దూరదేశాల్లోని బంధువులూ, చిన్ననాటి స్నేహితులూ ఒకే చోట కలవడం మాత్రం ఇంట్లో జరిగే షివాలో ఎప్పుడూ సాధ్యపడనిది. కొన్నిటికి అసలు తెర పనికిరాదు. మృతదేహానికి స్నానం చేయించే హెవ్రా కదీషా బృందాలు రక్షణ దుస్తులు వేసుకొని పద్ధతులు మార్చుకోవలసి వచ్చింది. శుద్ధి స్నానానికి వాడే మిక్వేలు చాలాచోట్ల కట్టుదిట్టమైన నియమాలతో తెరిచే ఉన్నాయి.

తలుపులు తెరిచి పెట్టిన జూమ్ గదుల్లోకి దుండగులు కూడా వచ్చారు. 2020 వసంతంలో సినగాగుల ప్రార్థనల్లోకి, పాఠాల్లోకి జొరబడి యూదు ద్వేషపు కేకలు వేసిన ఘటనలు అమెరికాలో, ఇతర దేశాల్లో జరిగాయి. ఏప్రిల్ మొదటి వారంలో జూమ్ తనంతట తానే పాస్‌వర్డును, వెయిటింగ్ రూమును డిఫాల్ట్ అమరికగా మార్చడం వల్ల కొంత మేలు జరిగింది. మీ గుడి లింకును వాట్సాప్ గ్రూపుల్లో వదిలేస్తున్నారని రాశారు, అది ఆపండి. ఇంకో సంగతి కూడా చెప్పాలి. 2022 జనవరి 15న టెక్సాస్‌లోని కాలీవిల్‌లో బెత్ ఇజ్రాయెల్ సినగాగులో సబ్బాతు ఉదయం ప్రార్థన ఫేస్‌బుక్‌లో ప్రసారమవుతుండగా ఒక సాయుధుడు రబ్బీతో కలిపి నలుగురిని బందీలుగా పట్టుకున్నాడు. ఒమిక్రాన్ రోజులు కావడంతో ఎక్కువమంది ఇళ్ళనుంచే చూస్తున్నారు. వాళ్ళు ఆ దుండగుడి మాటలు ప్రత్యక్షంగా విన్నారు. పది గంటలకు పైగా సాగిన ఆ నిర్బంధం నుంచి ఒకరిని ముందుగా వదిలిపెట్టగా, చివరికి రబ్బీ అతని మీదికి కుర్చీ విసిరి మిగిలినవాళ్ళతో బయటపడ్డారు. ఆ తరువాత మా సినగాగులో ప్రసారం గురించి జరిగే ప్రతి చర్చలోనూ భద్రత చూసేవాళ్ళు కూర్చుంటున్నారు.

ఇక ఏవి మిగిలాయన్న మీ రెండో ప్రశ్న. అన్నిటికన్నా సులువుగా ఆన్‌లైన్‌కు మారి అక్కడే నిలిచిపోయింది చదువు. రోజుకు ఒక పత్రం చొప్పున 2711 పత్రాల తల్మూద్‌ను ఏడున్నరేళ్ళలో చదివే దఫ్ యోమీ పారాయణం కొత్త ఆవృత్తి 2020 జనవరి 5న, అంటే వ్యాధికి కొద్దివారాల ముందు మొదలైంది. దానికి మిన్యన్ అక్కరలేదు, సబ్బాతు మినహా రోజూ జూమ్‌లో చదువుకోవచ్చు. మా ఊళ్ళో ఇలాంటి తరగతులకు ఇంతకు ముందు రాత్రిపూట కారు నడపలేక మానేసిన పెద్దవాళ్ళు మళ్ళీ వచ్చారు, ఇప్పటికీ వస్తున్నారు. మామూలు రోజుల సాయంత్రపు మిన్యన్ కూడా చాలా కన్సర్వేటివ్ సినగాగుల్లో జూమ్‌లోనే గాని, సగం ఇక్కడ సగం అక్కడ గాని నడుస్తోంది. చలికాలంలో పదిమందిని గదికి రప్పించడం కరోనాకు ముందే కష్టంగా ఉండేది. ఇప్పుడు ఇంటినుంచే కలుస్తున్నారు. గదిలో పదిమంది ఉన్నప్పుడు తెరమీదివాళ్ళ గురించి చిక్కే లేదు, ఆమేన్ చెప్పవచ్చని 2001లోనే తేలింది. గదిలో ఏడుగురు, తెర మీద ముగ్గురు ఉన్నప్పుడే అసలు తగాదా. దాని మీద ఒక్కో రబ్బీది ఒక్కో మాట, ఆపత్కాలం ముగిసింది కదా అని గట్టిగా అడిగేవాళ్ళు ప్రతి చోటా ఉన్నారు.

పిల్లల బడి మాత్రం నిలవలేదు, నిలవకపోవడమే మంచిదైంది. ఆదివారం హీబ్రూ తరగతులు తెర మీద పెట్టినంత కాలం అక్షరాలు వచ్చాయి గాని పిల్లలు ఒకరికొకరు తెలియలేదు. తెరుచుకోగానే అందరూ గదులకు తిరిగి వచ్చారు. పదమూడేళ్ళు నిండిన పిల్లవాడికి చేసే బార్ మిట్స్వా వేడుకలకు తోరా చుట్టను ఆ పిల్లవాడి ఇంటికే తీసుకువెళ్ళి వాకిట్లో బల్ల మీద పెట్టి చదివించిన కుటుంబాలున్నాయి. ఇప్పుడు అలా అడిగేవాళ్ళు లేరు, కాని దూరాన ఉన్న తాతయ్యలు, అమ్మమ్మలు చూడటానికి ఒక కెమెరా కావాలని అందరూ అడుగుతున్నారు. మీ కమిటీకి నేను చెప్పగలిగింది ఇదే. ఏ సేవ ఎవరూ లేకపోయినా పూర్తవుతుందో, ఏది మనుషులు కూడితేనే పూర్తవుతుందో ముందు రెండు జాబితాలు రాసుకోండి. మొదటి జాబితాకు ఒక స్థిరమైన కెమెరా చాలు, యూట్యూబ్ చాలు. సత్సంగం, సామూహిక పారాయణం, భజన, పిల్లల తరగతి రెండో జాబితాలోవి. వాటికి జూమ్ పెట్టదలిస్తే ఖర్చంతా ముందు మైకుల మీద పెట్టండి, మనిషిని ఒకణ్ణి తెర దగ్గర కూర్చోబెట్టండి. భజనకు మాత్రం జూమ్ వద్దు, ఆ ఆలస్యంలో తాళం నిలవదు.